నొప్పి సున్నా అని రాసిన రోజులు

మత్తు డాక్టరు ముఖం ఎవరికీ గుర్తుండదు. ఆపరేషన్ బాగా జరిగితే స్వీట్ల డబ్బా ఎముకల డాక్టరుకు వెళుతుంది. నడుములో సూది వేసిన మనిషి లిఫ్టు దగ్గర ఎదురుపడితే, ఏ వార్డు నర్సమ్మో అనుకుని పక్కకు జరుగుతారు. చదువుకునే రోజుల్లో ఈ విషయం మీద నాకు చాలా ఉక్రోషం ఉండేది. అందుకేనేమో, రోగులు నన్ను గుర్తుపట్టి "మా మేడం" అనడం మొదలుపెట్టిన ఏడాది నాకు కొంచెం తల తిరిగింది. నా తల తిరిగింది సరే, అది ఒక మనిషి కాలు మీదికి వచ్చింది. ఆ సంగతే ఇది.

తెలంగాణ రాష్ట్రం రావడానికి రెండు మూడేళ్ళ ముందు మాట. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో కోసం రోడ్డు తవ్వి, చుట్టూ రేకులు అడ్డం పెట్టిన కాలం. ఉప్పల్ నుంచి నాచారం వెళ్ళే దారిలో ఉన్న ఒక ట్రస్టు ఆసుపత్రిలో నేను మత్తు వైద్యంలో పీజీ చేస్తున్నాను. మా ఇల్లు ఏఎస్ రావు నగర్ వెనక కాలనీలో. నాన్న ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో మీటర్లు సరిచూసే విభాగంలో పనిచేసేవారు. అమ్మానాన్నలు కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్ళు, నేను ఇక్కడే పుట్టాను. ఇంట్లో ఒక తెలుగు, వీధిలో ఒక తెలుగు మాట్లాడుతూ పెరిగాను. తీరా డాక్టరునయ్యాక ఆ రెండూ పోయి టీవీలో వార్తలు చదివే తెలుగు ఒకటి పట్టుకుంది. తెల్లకోటు వేసుకున్నానంటే చాలు, "ఏమండీ, నొప్పి ఏమైనా అనిపిస్తోందా అండీ" అని మొదలుపెట్టేదాన్ని.

పీజీ పూర్తి కావాలంటే తీసిస్ రాయాలి. కాళ్ళ ఆపరేషన్లకు నడుములో మత్తు సూది వేస్తాం. ఆ సూదిలో అసలు మందుతో పాటు ఇంకో మందు కాస్త కలిపితే, ఆపరేషన్ అయిపోయాక కూడా కొన్ని గంటలు నొప్పి తెలియదు. పాలకు తోడు వేసినట్టు, చుక్కంత చాలు. అలాంటి తోడు మందుల్లో రెండింటిని పోల్చి చూడటం నా పని. ఒకటి ఫెంటానిల్, రెండోది క్లోనిడిన్. మొదటిది వేస్తే కొందరికి ముక్కూ మెడా దురదపెడతాయి. రెండోది వేస్తే కునుకు పడుతుంది, బీపీ కాస్త జారుతుంది. ఏది ఎక్కువసేపు నొప్పిని ఆపుతుంది, ఏది తక్కువ ఇబ్బంది పెడుతుంది అన్నది నేను తేల్చాలి.

ఎవరికి ఏ మందు పడిందో రోగికీ తెలియకూడదు, నాకూ తెలియకూడదు. అందుకని మా సీనియర్ ఒకామె అంటించిన కవరు చింపి, లోపలి చీటీ చూసి, ఆ ప్రకారం సిరంజి నింపి నా చేతికిచ్చేది. నేను సూది వేసి, టైము రాసుకుని, ఇక రోజంతా ఆ మనిషి మంచం చుట్టూ తిరిగేదాన్ని. రోగి మొదటిసారి నొప్పి మందు అడిగిన నిమిషం పట్టుకోవాలి. తీసిస్ మొత్తానికి ప్రాణం ఆ నిమిషమే.

నొప్పి కొలవడానికి నా దగ్గర ఒక అట్టముక్క ఉండేది. దాని మీద సున్నా నుంచి పది దాకా గీతలు. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనంత. దాన్ని చూపించి ఎంత ఉందో వేలు పెట్టమంటే వార్డులో ఒక ముసలామె, "నాకు సదువు రాదు బిడ్డా, నీకు ఎన్ని మార్కులు గావాల్నో నువ్వే ఏసుకో" అంది. అందరం నవ్వాం. ఆ మాట విన్నప్పుడే నాకు చురుక్కుమని ఉండాల్సింది. నేనేమో దాన్ని ఇంట్లో అమ్మకు జోకుగా చెప్పాను.

అసలు పొరపాటు అంతకు ముందే జరిగింది. పరిశోధనలో చేర్చుకునే ముందు ప్రతి రోగికీ విషయం చెప్పి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. నేను చెప్పే మాటలు ఇలా ఉండేవి. "ఇది నా పరీక్ష కోసం చేస్తున్న పరిశోధన అండీ. ఈ మందు ఎంత ఎక్కువసేపు నొప్పి రాకుండా ఆపుతుందో చూస్తాను. నొప్పి రాగానే చెప్పండి, వెంటనే ఇంజెక్షన్ ఇస్తాను." అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఈ మూడు మాటల్లో వాళ్ళ చెవికెక్కింది మొదటి రెండే. మేడంకు పరీక్ష ఉంది, నొప్పి ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిది, అని అర్థం చేసుకున్నారు.

మా వార్డులో ఒక పద్ధతి ఉండేది. ఇంటికి పోయే రోగి కొత్తగా వచ్చినవాళ్ళకు సంగతులన్నీ అప్పజెప్పి పోతాడు. ఏ బాత్రూంలో నీళ్ళు వస్తాయి, ఏ నర్సు కోపిష్టిది, క్యాంటీన్‌లో ఇడ్లీ ఎన్నింటికి అయిపోతుంది, ఇలాంటివి. వాటితో పాటు నా సంగతి కూడా మంచం నుంచి మంచానికి పాకుతోందని నాకు తెలియదు. "మత్తు మేడం మంచిది. పలకరించి పోతది. జర ఓర్సుకోండ్రి, ఆమె పాసైతది." ఇదీ ఆ వార్డు నాకు చేస్తున్న సాయం.

నా కాగితాల్లో ఫలితాలు అదిరిపోతున్నాయి. పుస్తకాల్లో రాసిన దానికంటే గంటలు గంటలు ఎక్కువ వస్తోంది, పైగా రెండు మందులకూ. నేను ఆగి ఎందుకిలా అని ఆలోచించాలి కదా? ఆలోచించలేదు. నా చేయి మంచిదనుకున్నాను. బందులతో, రాస్తారోకోలతో ఆపరేషన్లు తరచూ వాయిదా పడుతున్నాయి. కేసులు పూర్తవుతాయో లేదో అన్న బెంగ ఒకటే నాకు. సగానికి పైగా అయ్యాయి, ఇంకొన్ని దొరికితే చాలు, పరీక్షకు కూర్చోవచ్చు అని రోజూ వేళ్ళమీద లెక్కపెట్టుకునేదాన్ని.

అప్పుడు వచ్చాడు ఆ మనిషి. నాచారంలో ప్లాస్టిక్ బకెట్లు పోసే కంపెనీలో మెషిన్ ఆపరేటర్. జనగామ దిక్కు నుంచి వచ్చి పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు. ఫస్ట్ షిఫ్టుకు సైకిల్ మీద పోతుంటే ఆటో గుద్దింది, మోకాలి కింద ఎముక విరిగింది. లోపల రాడ్డు వెయ్యాలి. నలభై దాటిన వయసు, సన్నటి మీసం, ప్రతిదానికీ ఒక వెటకారం. సూది కోసం వీపు వంచి కూర్చోమంటే, "గింతకంటె వంగితే మెడ గూడ ఇరుగుతది మేడం, మల్ల దానికో ఆపరేషన్" అన్నాడు. కాళ్ళు మొద్దుబారాక దుప్పటి వైపు అనుమానంగా చూసి, "నా కాళ్లు యాడబోయినయి? జర సూడుండ్రి" అన్నాడు. థియేటర్లో అందరికీ నవ్వాగలేదు.

సూది వేసింది పొద్దున తొమ్మిదిన్నరకు. పన్నెండుకల్లా వార్డుకు తెచ్చారు. రెండింటికి వెళ్ళి అట్ట చూపించాను, సున్నా. మూడింటికి, సున్నా. నాలుగింటికి నేను అట్ట జేబులోంచి తీయకముందే, "సున్నా రాసుకోండ్రి మేడం" అన్నాడు. నవ్వాడు కూడా. నాడి చూస్తే నూట పది కొడుతోంది. రక్తం పోయింది కదా, సెలైన్ సరిపోలేదేమో అనుకుని ఇంకో బాటిల్ పెట్టించాను. పాదం వెచ్చగా ఉంది, పాదం మీద నాడి ఆడుతోంది, అంతా బాగుందనుకున్నాను. అయిదింటికి వెళ్ళేసరికి నాడి నూట పద్దెనిమిది. నుదుటి మీద చెమట. దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుని ఉన్నాడు.

"నొప్పి ఏమైనా ఉందా అన్నా?"

"ఏం లేదు మేడం. మంచిగున్నది. సున్నా."

సున్నా అని రాశాను. పక్కనే నాడి నూట పద్దెనిమిది అని కూడా నేనే రాశాను. రెండూ నా చేతి రాతే, ఒకే పెన్నుతో, ఒకే వరసలో. ఏడున్నర గంటలు దాటింది, నా కాగితాల్లో ఇంతకు మించింది ఒక్కటీ లేదు. ఇది ఏ కవరు అయి ఉంటుందా అని సంబరపడుతూ, డ్యూటీ రూంలో టీ పోసుకుని కప్పుతో బయటికి వచ్చాను.

వరండాలో ఫిల్టర్ దగ్గర ఆయన భార్య సీసాలో నీళ్ళు పడుతోంది. సీసా నిండి నీళ్ళు కిందికి పోతున్నాయి, ఆమె చూసుకోవడం లేదు. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"మేడం, ఒక మాట అడగాల్నా? కోపం జెయ్యద్దు."

"చెప్పండి అక్కా."

"ఇంక ఎన్ని గంటలు ఓర్సుకోవాలె? ఎన్ని గంటలైతె మీరు పాసైతరు?"

నాకు అర్థం కాలేదు. ఏం ఓర్చుకోవాలని అడిగాను. ఆమెకు ఏడుపు వచ్చేసింది.

"మూడు గంటల కాడికెల్లి పండ్లు గరుసుకొని పండిండు మేడం. కాలు పగిలిపోతున్నదంటడు. నర్సమ్మను పిలుస్త అంటె నా చెయ్యి వట్టుకొని ఇడుస్తలేడు. మేడం పరీక్ష ఖరాబైతది, ఊకో అంటడు. పక్క మంచపాయన గూడ గట్లనే జెప్పిండు, అందరు గిట్లనే ఓర్సుకున్నరంట. నాకు భయమైతున్నది, అందుకే అడుగుతున్న."

చేతిలో టీ కప్పు ఎక్కడ పెట్టానో ఈరోజుకీ గుర్తులేదు. పరిగెత్తాను.

విరిగిన కాలిలో ఒక్కోసారి కండ వాస్తుంది. కండ చుట్టూ ఒక గట్టి పొర ఉంటుంది, అది సాగదు. లోపల ఒత్తిడి పెరిగి కండకు రక్తం అందదు. కొన్ని గంటల్లోపు ఆ పొర కోసి వదులు చేయకపోతే కండ చచ్చిపోతుంది, కాలే పోతుంది. పాదం మీద నాడి ఆడుతుంటుంది, పాదం వెచ్చగానే ఉంటుంది, అవి చూసి మోసపోకూడదు. అన్నిటికంటే ముందు తెలిసే గుర్తు నొప్పి. మామూలు నొప్పి కాదు, లెక్కకు మించిన నొప్పి. ఆ ఒక్క గుర్తునూ నా పరీక్ష కోసం ఆయన నోట్లోనే నొక్కేసుకున్నాడు.

బ్యాండేజీ విప్పాను. పిక్క చెక్కలా గట్టిగా ఉంది, చర్మం మెరుస్తోంది. బొటనవేలు పట్టుకుని మెల్లగా కిందికి వంచాను. ఆయన పెట్టిన కేకకు వార్డంతా లేచి కూర్చుంది. ఆ కేకకు నాకు భయం వేసింది. ఇంకా నొప్పి తెలుస్తోందంటే నరం బతికే ఉందని ప్రాణం కుదుటపడింది కూడా. రెండూ ఒకేసారి ఎలా అంటే చెప్పలేను.

ఎముకల డాక్టరు ఇంకా ఇంటికి బయల్దేరలేదు, అదొక అదృష్టం. వచ్చి పిక్క మీద చెయ్యి వేసి, వెంటనే థియేటర్‌కు ఫోన్ చేశాడు. ఈసారి పూర్తి మత్తు ఇచ్చింది మా సార్, అంటే నాకు తీసిస్ చేయిస్తున్న పెద్ద డాక్టరు. నా చేతులు చూసి, "నువ్వు గోడకు నిలవడు" అన్నారంతే. పిక్కకు రెండు వైపులా పొడుగ్గా కోశారు. లోపలి కండ ఉబికి బయటికి వచ్చింది, నల్లబడి ఉంది. అందరం చూస్తూ నిలబడ్డాం. నెమ్మదిగా రంగు తిరిగింది. ఎముకల డాక్టరు పట్టకారుతో కండను గిల్లి చూశాడు, అది అదిరింది.

"బతికే ఉంది" అన్నాడు. "ఇంకో రెండు మూడు గంటలు పోయి ఉంటే నేను ఈ మాట చెప్పేవాణ్ణి కాదు."

నేను బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను. జాలి అదీ తర్వాత వచ్చాయి, మొదట వచ్చింది సిగ్గే.

మర్నాడు పొద్దున ఆయన మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. కాలు నిండా కట్లు, ముఖం మాత్రం తేటగా ఉంది.

"ఎందుకు చెప్పలేదన్నా? నేను మీకెవర్ని? నా పరీక్షతో మీకేం పని?"



"మా బిడ్డ గూడ పదో తరగతి పరీక్షలు రాస్తున్నది మేడం. పొద్దుగాల లేసి సదువుతది, తిండి గూడ సక్కగ తినది. పరీక్షంటె ఎట్లుంటదో నాకు ఎర్కే. మీరు గూడ ఎవలో ఒకల బిడ్డనే గదా. మస్తు కష్టపడుతున్నరు. నొప్పే గదా, నేను ఓర్సుకుంటె అయిపాయె అనుకున్న."

ఆయనే మళ్ళీ, "మీరు పాసైన్రా మరి?" అని అడిగాడు.

మధ్యాహ్నం కాగితాలన్నీ తీసుకుని సార్ గదికి వెళ్ళాను. సార్ది వరంగల్ దిక్కు. థియేటర్లో పైకి మాట వినిపించని మనిషి. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో కాగితం తిరగేశారు. ఒకచోట వేలు పెట్టి, "నాడి నూట పద్దెనిమిది, నొప్పి సున్నా. ఇది మనిషా, గోడనా?" అన్నారు. ఇంకో కాగితం తీశారు. అదీ అంతే. మూడోదీ అంతే. ఇన్నాళ్ళూ అవి నా కళ్ళ ముందే ఉన్నాయి.

"గిన్ని గంటలు మందు పని జేసిందా, మర్యాద పని జేసిందా? ఎట్ల తెలుస్తది అమ్మా?"

నేను అప్పటికే ఒక వాదన సిద్ధం చేసుకుని వెళ్ళాను. చెప్పడానికి ఇప్పుడు మొహమాటంగా ఉంది కానీ చెప్పాలి. రెండు గుంపుల్లోనూ అందరూ ఓర్చుకున్నారు కదా సార్, మరి పోలిక చెడదు కదా, ఆ ఒక్కాయన్ని తీసేసి మిగతావి ఉంచుకోవచ్చు కదా అన్నాను. కేసులన్నీ పారేస్తే నేను ఈసారి పరీక్షకు కూర్చోలేను. ఆరు నెలలు పోతాయి. నాతో చేరినవాళ్ళంతా పీజీ పాసై వెళ్ళిపోతారు, నేను ఇదే వార్డులో అట్టముక్క పట్టుకుని తిరగాలి.

సార్ కాగితాలు సర్ది నా వైపు జరిపారు. "నీ తీసిస్. నువ్వే జెప్పు. నేను సంతకం పెట్టేటప్పుడు మాత్రం నీ మొకం సూసి పెడత" అన్నారు.

ఆ సాయంత్రం మల్లాపూర్ మీదుగా ఇంటికి పోతుంటే మలుపులన్నీ స్కూటీయే తిరిగింది. అన్నం దగ్గర నాన్నకు సంగతంతా చెప్పాను. ఆయన వృత్తి అంతా తప్పుడు మీటర్లు పట్టుకోవడమే కాబట్టి, తేలిగ్గా ఏదో ఒకటి అంటారని నా ఆశ.

"మా దగ్గర మీటరు తప్పు చూపిస్తే, దాంతో తీసిన కొలతలన్నీ పక్కన పెడతాం. అంతే కదా."

"ఇక్కడ మీటర్లు మనుషులు నాన్నా. వాళ్ళు తప్పు చెబితే నేనేం చేయను?"

"వాళ్ళు కాదమ్మా మీటరు. నువ్వు" అని పెరుగు వడ్డించుకున్నారు.

నాకు మండుకొచ్చింది. కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాను. అమ్మ నాన్నను కేకలేసింది. కానీ తెల్లవారేసరికి ఆ మాట నాకు బాగానే వంటబట్టింది. సార్‌కు చెప్పాను, పాత కేసులన్నీ తీసేస్తున్నాను, మొదటి నుంచి చేస్తాను అని. పరిశోధనలకు అనుమతి ఇచ్చే ఆసుపత్రి కమిటీకి ఉత్తరం రాశాం, జరిగింది జరిగినట్టు. ఆరు నెలలు పోయాయి. పోతే పోయాయి.

ఈసారి రోగులకు విషయం చెప్పే పద్ధతి సార్ దగ్గర కూర్చుని మార్చుకున్నాను. పరీక్ష అన్న మాట తీసేశాం. నొప్పి దాచితే కాలికి ప్రమాదమని ముందే చెప్పడం మొదలుపెట్టాం. అడిగే తీరు కూడా మార్చమన్నారు సార్. "నొప్పి ఉన్నదా అని డాక్టరు అడిగితె, లేదు అనుడు మనోళ్లకు మర్యాద. కాలు ఎట్లున్నది, పక్కకు తిరుగుతున్నవా, కన్ను అంటుకున్నదా, గట్ల అడుగు" అన్నారు. అలా అడిగితే జవాబులు వేరుగా వచ్చేవి. నొప్పి సున్నా అన్న మనిషే, పక్కకు తిరగలేకపోతున్నానని వెంటనే చెప్పేవాడు. నా టీవీ తెలుగు కూడా ఆ నెలల్లోనే పోయింది. "కాలు ఎట్లున్నదక్కా, సలుపుతున్నదా?" అంటుంటే నర్సులు నన్ను చూసి ముసిముసిగా నవ్వేవాళ్ళు.

కానీ వార్డును అసలు మార్చింది నేనూ కాదు, సారూ కాదు. ఆ బకెట్ల కంపెనీ ఆయనే. కోసిన పుండు మానడానికి, మళ్ళీ మూయడానికి ఆయన చాలా రోజులు అక్కడే ఉండాల్సి వచ్చింది. కిటికీ పక్క మంచం ఆయనది. కొత్త రోగి ఎవరు వచ్చినా ముందు ఆయన దర్శనం చేసుకోవాల్సిందే. కట్టు ఉన్న కాలు చూపించి మొదలుపెట్టేవాడు.

"ఇగో, సూడు. ఊకె మంచోనిలెక్క ఓర్సుకున్నందుకు గిట్లయింది. నొప్పి లేసిందా, మొత్తుకో. సిగ్గువడకు. మేడంకు నీ నొప్పే గావాలె. లేకుంటె ఆమె రాసేదంత ఝూట్ అయితది."

ఆయన మాట వేదమయిపోయింది. వార్డు వార్డంతా కేకలే. ఒకరోజు ఆడవాళ్ళ వార్డు నుంచి మోకాలి ఆపరేషన్ అయిన ఒక పెద్దామె కబురంపింది, పది దాటిపోయింది, నీ అట్ట సాలదు, పెద్దది తెచ్చుకో అని. సార్ నవ్వి, నీ స్టడీకి అసలు ఇన్వెస్టిగేటర్ ఆయనే అన్నారు. నొప్పి అన్న మాట వినిపించినప్పుడల్లా అట్ట, ఇంజెక్షన్ పట్టుకుని పరిగెత్తేదాన్ని. అంత పరుగెత్తినా అంత తేలికగా ఎప్పుడూ లేను.

తీసిస్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. క్లోనిడిన్ వేసినవాళ్ళకు నొప్పి కాస్త ఆలస్యంగా వచ్చింది, కానీ బీపీ మీద కన్నేసి ఉంచాల్సి వచ్చింది. ఫెంటానిల్ వేసినవాళ్ళు ముక్కు గోక్కున్నారు, నొప్పి కొంచెం ముందే వచ్చింది. తేడా ఉంది గానీ ప్రపంచం తలకిందులయ్యే తేడా కాదు. రెండింటికీ నా పాత కాగితాల్లో ఉన్న గంటల దరిదాపులకు కూడా రాలేదు. పరీక్ష చేయడానికి వచ్చిన పెద్దాయన, మొదటి కేసులు ఎందుకు తీసేశారని అడిగాడు. చెప్పాను. ఆయన తీసిస్ మూసి, ఇంకో ప్రశ్న అడగకుండా పంపేశాడు. పాసయ్యాను.

కానీ పాసైన రోజు కంటే, దానికి నెలల ముందు జరిగిన ఒక మధ్యాహ్నం నాకు ముఖ్యం. ఆయన పుండు మూయడానికి తొడ మీది చర్మం తీసి పిక్క మీద వేయాలి. మళ్ళీ నడుములో సూది. థియేటర్లో వీపు వంచి కూర్చుని అడిగాడు.

"నాకు ఏ కవర్ వస్తది మేడం?"

"మీకు కవరు లేదన్నా. ఒకసారి చేరినవాళ్ళను మళ్ళీ చేర్చుకోం. మీ పాత కాగితం కూడా తీసేశాను కదా."

వంచిన తల ఎత్తి నా వైపు తిరగబోతే నర్సు పట్టుకుని ఆపింది. "గంత మొత్తుకొని అందరికి జెప్తె, నన్నే తీసేసిన్రా?" నిజంగానే నొచ్చుకున్నాడు. ఏ మందు కలుపుతున్నానో ఈసారి ముందే చెప్పాను. ఫెంటానిల్. ముక్కు దురదపెట్టొచ్చు, గోక్కోండి అన్నాను.

వార్డుకు తెచ్చాక నేను స్టూలు వేసుకుని ఆయన పక్కనే కూర్చున్నాను. ఆ రోజు నాకు వేరే కేసు లేదు. ఆయన కాసేపు పక్క మంచం ఆయనతో వెటకారాలాడాడు, కాసేపు ముక్కు గోక్కున్నాడు, తర్వాత మాట తగ్గింది. నాలుగు కాబోతుండగా దుప్పటి అంచు పిడికిట్లోకి వెళ్ళడం చూశాను. ఆయనే చెప్పాలని ఆగాను. ఆయన భార్య కూడా చూసింది. వార్డంతటికీ అరవమని చెప్పిన మనిషి తన వంతు వచ్చేసరికి గుటకలు మింగుతున్నాడు. నా వైపు చూసి నవ్వబోయాడు. ఇప్పుడు కూడా సున్నా అంటాడేమో, నేను నేర్చుకున్నదంతా అక్కడికక్కడే ఆవిరైపోతుందేమో అనిపించింది.

"మేడం" అన్నాడు.

"చెప్పన్నా."

"లేసింది మేడం. తొడ మీద అగ్గి వెట్టినట్లున్నది."

"ఎంత?"

"అయిదు." భార్య ముఖం చూశాడు. "కాదు, ఏడు. ఏడే మేడం. ఇంక తగ్గియ్య."

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. వేళ్ళు కదిలించమన్నాను, కదిలించాడు. పాదం వంచి చూశాను, పిక్క పక్కన నొక్కి చూశాను. అంతా మెత్తగా, మామూలుగా ఉంది. ఇంజెక్షన్ ఇచ్చాను. ఆయన భార్య గోడ మీది గడియారం వైపు చెయ్యి చూపించింది.

"టైం రాసుకోలే మేడం?"

"అవసరం లేదక్కా. ఇది దేనికీ కాదు" అన్నాను.

పదిహేను నిమిషాలకు ఆయన పిడికిలి వదులైంది. కంటి మీదికి కునుకు వచ్చింది. నేను ఆయన నిద్రపోయేదాకా అక్కడే కూర్చున్నాను.